మొబైల్ యాప్‌కు నేటివా, హైబ్రిడా: పాల కేంద్రం ఉదాహరణతో అంచెలవారీ మార్గదర్శి

ఒకే కోడ్ రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుందని, అందువల్ల ఖర్చు సగానికి సగం తగ్గుతుందని యాప్ చేయించుకోవాలనుకునే ప్రతివారికీ ఎవరో ఒకరు చెబుతారు. ఇలా ఒకే కోడ్‌తో రెండింటికీ చేసే పద్ధతిని హైబ్రిడ్ అని, ఒక్కో రకం ఫోన్‌కు దాని సొంత భాషలో విడిగా రాసే పద్ధతిని నేటివ్ అని అంటారు. వాళ్లు చెప్పేదానిలో మొదటి మాట నిజమే. రెండో మాట నిజమవుతుందా లేదా అన్నది ఆ యాప్ ఏ పని చేయాలి, ఎలాంటి ఫోన్‌లో చేయాలి, రాసినవారు వెళ్లిపోయాక దాన్ని ఎవరు చూసుకుంటారు అన్న మూడు సంగతులను బట్టి తేలుతుంది. ఇవి తేలకముందే యాప్ రాసే సాధనం ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా, కాట్లినా అని వాదించుకోవడం వల్ల కాలం వృథా కావడం తప్ప ప్రయోజనం లేదు. అందుకే ఈ మార్గదర్శి పనితో మొదలై, కొలతల మీదుగా నడిచి, ఫ్రేమ్‌వర్క్ (యాప్ రాసే సాధనం) పేరు దగ్గరికి చివర్లో వస్తుంది.

చర్చ గాలిలో తేలిపోకుండా ఒక ఉదాహరణ పట్టుకుందాం. మన ఊళ్లలో పాల కేంద్రం నడిచే తీరు చాలామందికి తెలిసిందే. ఉదయం పూట, సాయంత్రం పూట రైతులు పాలు తెస్తారు. నిర్వాహకుడు కొలిచి, నమూనా తీసి వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం) పరీక్షించి, రేటు చార్టు ప్రకారం ఆ పూట పాలకు ఎంత వస్తుందో లెక్కకట్టి చీటీ ఇస్తాడు. పది లేదా పదిహేను రోజులకొకసారి బిల్లు చెల్లిస్తారు. ఒక డెయిరీ ఈ పని కోసం యాప్ చేయించదలచిందనుకుందాం. కేంద్రంలో నిర్వాహకుడు వాడే యాప్ ఒకటి, రైతు తన ఖాతా చూసుకునే యాప్ మరొకటి అవసరమవుతాయి. వ్యాపారం ఒకటే అయినా ఈ రెండింటికీ సరిపోయే జవాబు ఒకటి కాదు.

మొదటి అంచె: ఏ పనికి ఫోన్‌లోని ఏ భాగం కావాలో రాసుకోండి

ఒక కాగితం మీద ఎడమవైపు యాప్ చేయాల్సిన పనులు, కుడివైపు ఆ పనికి ఫోన్‌లోని ఏ భాగం అవసరమో రాయండి. లాగిన్, జాబితా, ఫారం, ఫొటో తీయడం, నోటిఫికేషన్ వంటివి ఏ పద్ధతిలోనైనా ఇబ్బంది లేకుండా జరిగిపోతాయి కనుక వాటిని కొట్టేయవచ్చు. మిగిలిన రెండు మూడు పంక్తులే మీ నిర్ణయాన్ని శాసిస్తాయి.

రైతు యాప్‌కు రాస్తే దాదాపు అన్నీ కొట్టేయవలసినవే ఉంటాయి: పూటవారీ లెక్క చూడటం, బిల్లు పీడీఎఫ్ దింపుకోవడం, డబ్బు జమ అయినట్టు నోటిఫికేషన్ రావడం. కేంద్రం యాప్‌కు రాస్తే సంగతి వేరు. పాల పరీక్ష యంత్రం నుంచి అంకెలు నేరుగా ఫోన్‌లోకి రావాలి, చీటీ థర్మల్ ప్రింటర్ మీద అచ్చు కావాలి, సిగ్నల్ లేకపోయినా పూట ఆగకూడదు, సిగ్నల్ వచ్చాక లెక్క దానంతటదే సర్వర్‌కు చేరాలి.

ఇక్కడ యంత్రం అమ్మినవారిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: అంకెలు ఏ దారిలో బయటికి వస్తాయి? సీరియల్ కేబుల్ ద్వారానా, పాత తరహా బ్లూటూత్ ద్వారానా, తక్కువ శక్తితో పనిచేసే బీఎల్ఈ ద్వారానా? ఈ ఒక్క జవాబుతో చాలా దారులు మూసుకుపోవచ్చు. పాత తరహా బ్లూటూత్ సీరియల్ పద్ధతిలో పంపే పరికరంతో ఆండ్రాయిడ్ యాప్ మాట్లాడగలదు గాని, ఆ పరికరం యాపిల్ వారి ఎంఎఫ్ఐ కార్యక్రమం కింద ఆమోదం పొంది ఉంటే తప్ప ఐఫోన్ యాప్ మాట్లాడలేదు. యాప్‌ను మీరు యాపిల్ వారి భాష స్విఫ్ట్‌లో రాసినా ఫ్లట్టర్‌లో రాసినా ఈ నియమం మారదు. బీఎల్ఈ అయితే రెండింటిలోనూ వీలవుతుంది. బ్రౌజర్లలో వెబ్ బ్లూటూత్ అనే సదుపాయం ఉన్న మాట నిజమే అయినా అది సఫారీలో లేదు, ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలోనూ (యాప్ లోపల వెబ్ పేజీలు చూపించే బ్రౌజర్ భాగం) లేదు. అంటే వెబ్‌వ్యూ మీద కట్టిన హైబ్రిడ్ యాప్ యంత్రంతో మాట్లాడాలంటే ప్లగిన్ (ఫోన్ భాగాలతో కలిపే అదనపు కోడ్) కావాలి, ఆ ప్లగిన్ లోపల ఉండేది నేటివ్ కోడే. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ వెతుకులాటకు, అనుసంధానానికి వేర్వేరు అనుమతులు వచ్చాయి. అంతకుముందు వెర్షన్లలో వెతుకులాటకు లొకేషన్ అనుమతి అడగాల్సి వచ్చేది. ఎంచుకున్న ప్లగిన్ ఈ రెండు కాలాల ఫోన్లనూ సరిగా చూసుకుంటుందో లేదో ముందే పరీక్షించాలి.

రెండో అంచె: వాడేవారి చేతిలో ఏ ఫోన్లున్నాయో చూడండి

యాప్ ఇప్పటికే ఉంటే ప్లే కన్సోల్‌లో (ప్లే స్టోర్‌లో యాప్ పెట్టేవారి ఖాతా పేజీ) ఏ మోడళ్లు, ఏ ఆండ్రాయిడ్ వెర్షన్లు ఎంత శాతం ఉన్నాయో కనిపిస్తుంది. కొత్తదైతే కేంద్రానికి వెళ్లి పాలు పోయడానికి వచ్చినవారి ఫోన్లు చూడటాన్ని మించిన పద్ధతి లేదు. మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ర్యామ్, ఖాళీగా మిగిలిన స్టోరేజీ, ఈ నాలుగూ రాసుకోండి. నాలుగోది చాలామంది రాసుకోరు. వీడియోలతో, ఫొటోలతో నిండిపోయిన ఫోన్‌లో కొత్త యాప్‌కు చోటు ఉండదు, ఉన్నా కొన్ని రోజులకు మొదట తీసేసేది దాన్నే.

కేంద్రాలకు ఫోన్లో ట్యాబ్లో డెయిరీయే కొనిస్తే ఐఫోన్ ప్రసక్తే ఉండదు. ఉన్నది ఒకే ప్లాట్‌ఫామ్ అయినప్పుడు రెండు ప్లాట్‌ఫామ్‌లకు ఒకే కోడ్ అన్న ఆదా కూడా ఉండదు. అదే ఆవకాయ, పొడులు, పిండివంటలు అమెరికాలోని తెలుగువారికి పంపే దుకాణమైతే ఐఫోన్‌ను వదిలేయడానికి వీల్లేదు, అక్కడ ఈ ఆదాకు పూర్తి విలువ ఉంటుంది.

వెబ్‌వ్యూ గురించి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆండ్రాయిడ్ 5.0 నుంచి వెబ్‌వ్యూ ప్లే స్టోర్ ద్వారా విడిగా అప్‌డేట్ అవుతోంది. అప్‌డేట్లు ఆపేసుకున్న ఫోన్‌లో పాత వెబ్‌వ్యూ ఉండిపోతుంది కాబట్టి ఒకే మోడల్ ఫోన్లు రెండింటిలో ఒకే తెర రెండు రకాలుగా కనిపించే అవకాశం ఉంది. ఐఫోన్‌లో అది దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్‌తో పాటే వస్తుంది.

మూడో అంచె: దారులు లోపల ఎలా పనిచేస్తాయో తెలుసుకోండి

నేటివ్ అంటే ఆండ్రాయిడ్‌కు కాట్లిన్‌తో, ఐఓఎస్‌కు స్విఫ్ట్‌తో వేర్వేరుగా రాయడం. తెరలు కట్టడానికి ఆండ్రాయిడ్‌లో జెట్‌ప్యాక్ కంపోజ్, ఐఓఎస్‌లో స్విఫ్ట్‌యూఐ ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొత్త సదుపాయం వచ్చిన రోజునే వాడుకోగలగడం దీని బలం. ఒకే పనిని రెండుసార్లు రాయవలసి రావడం, రెండుచోట్లా పరీక్షించవలసి రావడం దీని భారం.

వెబ్‌వ్యూ హైబ్రిడ్ అంటే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్‌తో రాసిన పేజీలను యాప్ లోపలి బ్రౌజర్‌లో చూపించడం. ఫోన్‌గ్యాప్‌తో మొదలై, అపాచీ కార్డోవాగా సాగిన ఈ పద్ధతికి ఇప్పుడు ఎక్కువమంది వాడేది అయానిక్ బృందం తెచ్చిన కెపాసిటర్. వెబ్‌సైట్ కట్టగలిగినవారెవరైనా ఈ పని చేయగలరు, తెరలు చకచకా తయారవుతాయి.

రియాక్ట్ నేటివ్, ఫ్లట్టర్ రెండింటినీ కూడా జనం హైబ్రిడ్ అనే పిలుస్తున్నారు గాని, వీటిలో వెబ్‌వ్యూ ఉండదు. రియాక్ట్ నేటివ్‌లో తర్కం జావాస్క్రిప్ట్‌లో నడుస్తుంది, తెర మీద కనిపించే బటన్, జాబితా మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్‌వే. ఈ రెంటి మధ్య సందేశాలు అటూ ఇటూ మోసే పాత వంతెన వేగాన్ని తగ్గిస్తోందని దాన్ని తొలగించి తెచ్చిన కొత్త నిర్మాణం 2024లో వచ్చిన 0.76 వెర్షన్ నుంచి డిఫాల్ట్ అయింది. ఫ్లట్టర్ దారి వేరు. అది డార్ట్ భాషలో రాసిన కోడ్‌ను ముందుగానే ఫోన్ ప్రాసెసర్ భాషలోకి కంపైల్ చేసి, తెర మీది ప్రతి బొమ్మనూ తన సొంత ఇంజిన్‌తో గీస్తుంది. అందుకే అన్ని ఫోన్లలోనూ ఒకేలా కనిపిస్తుంది.

వీటికి తోడు కాట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్ ఉంది. 2023 నవంబరులో స్థిర వెర్షన్‌గా ప్రకటించిన ఈ పద్ధతిలో లెక్కలు, డేటా, నెట్‌వర్క్ కోడ్‌ను ఒకసారే రాసి, తెరలను మాత్రం ఎక్కడికక్కడ నేటివ్‌గా కట్టుకోవచ్చు. ఫోన్‌లో అసలు ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా వెబ్‌సైట్‌నే హోమ్ స్క్రీన్‌కు చేర్చుకునే ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ కూడా ఒక దారే. 2023 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి అలా చేర్చుకున్న వాటికి ఐఫోన్‌లోనూ నోటిఫికేషన్లు అందుతున్నాయి.

నాలుగో అంచె: అన్నిటికంటే కష్టమైన తెరను ముందు కట్టి కొలవండి

నా దృష్టిలో మొత్తం ప్రక్రియలో ముఖ్యమైన అంచె ఇదే. సాధారణంగా లాగిన్ తెరతో మొదలుపెట్టి, సులువైనవన్నీ పూర్తిచేసి, యంత్రంతో అనుసంధానాన్ని చివరికి వదిలేస్తారు. అక్కడ చిక్కు బయటపడేసరికి బడ్జెట్‌లో ఎక్కువ భాగం ఖర్చయిపోయి ఉంటుంది, వెనక్కి వెళ్లే దారి ఉండదు. అందుకు బదులు, కొట్టేయకుండా మిగిలిన ఆ రెండు మూడు పనులను మాత్రమే చేసే నమూనా యాప్‌ను మీరు అనుకుంటున్న ఒకటి రెండు పద్ధతుల్లో కట్టించండి. దానికి అందచందాలు అక్కర్లేదు. యంత్రం నుంచి అంకె రావాలి, సేవ్ కావాలి, చీటీ అచ్చు కావాలి.

చీటీ విషయం దగ్గరగా చూద్దాం. 58 మిల్లీమీటర్ల కాగితం వాడే చిన్న థర్మల్ ప్రింటర్‌లో ఒక వరుసకు 384 చుక్కలు పడతాయి. ఇలాంటి ప్రింటర్లు చాలావరకు ఈఎస్‌సీ పీఓఎస్ అనే ప్రింటర్ ఆదేశాలతో పనిచేస్తాయి, వాటి లోపలి అక్షరమాలలో తెలుగు సాధారణంగా ఉండదు. ప్లగిన్ పేజీలో ప్రింటింగ్ పనిచేస్తుందని రాసి ఉన్నా, అది ఇంగ్లిష్ అక్షరాల మాటే కావచ్చు. రైతు పేరు, ఊరి పేరు తెలుగులో రావాలంటే ఫోన్‌లోనే చీటీ మొత్తాన్ని 384 చుక్కల వెడల్పున్న నలుపు తెలుపు బొమ్మగా గీసి, ఆ బొమ్మను ప్రింటర్‌కు పంపాలి. ఆండ్రాయిడ్ నేటివ్‌లో ఇది క్యాన్వాస్ మీద రాసి బిట్‌మ్యాప్‌గా మార్చే పని. ఫ్లట్టర్‌లోనూ ఇంచుమించు అంతే. వెబ్‌వ్యూలో అయితే బొమ్మను జావాస్క్రిప్ట్‌లో గీసి, టెక్స్ట్‌గా మార్చి ప్లగిన్‌కు దాటించి, అక్కడ మళ్లీ బొమ్మగా మార్చాలి. అసాధ్యమేమీ కాదు, అయితే రైతులు వరుసలో నిలబడి ఉండగా ఒక్కో చీటీకి ఎంత సేపు పడుతుందో గడియారం పెట్టి చూడాల్సిందే.

కొలిచేటప్పుడు రెండో అంచెలో రాసుకున్న ఫోన్లలో అన్నిటికంటే తక్కువ స్థాయి ఫోన్‌నే వాడండి. డీబగ్ బిల్డ్‌తో (తప్పులు వెతకడానికి తయారుచేసుకునే వెర్షన్) కొలవకండి. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ రెండూ డీబగ్‌లో నెమ్మదిగానే ఉంటాయి, ఆ కొలతతో వాటిని తిరస్కరించడం అన్యాయం. ఫ్లట్టర్‌కు ప్రొఫైల్ మోడ్, ఆండ్రాయిడ్‌కు ఆండ్రాయిడ్ స్టూడియోలోని ప్రొఫైలర్, వెబ్‌వ్యూకు కంప్యూటర్‌లోని క్రోమ్ ద్వారా చూసే ఇన్‌స్పెక్ట్ పరికరం, ఐఫోన్‌కు ఎక్స్‌కోడ్‌తో వచ్చే ఇన్‌స్ట్రుమెంట్స్ ఉన్నాయి.

సెకనుకు 60 సార్లు తెర మారే ఫోన్‌లో ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. 120 సార్లు మారే ఫోన్‌లో 8.33 మిల్లీసెకన్లు. మూడు వందల మంది రైతుల జాబితాను వేగంగా పైకి కిందికి జరుపుతూ ఎన్ని ఫ్రేమ్‌లు ఆ గడువు దాటాయో చూడండి. యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. 5 సెకన్లు లేదా అంతకు మించి పడితే యాప్‌ల పనితీరును గూగుల్ కొలిచే ఆండ్రాయిడ్ వైటల్స్ దాన్ని మితిమీరిన ఆలస్యంగా లెక్కిస్తుంది. తెర తాకాక 5 సెకన్ల పాటు యాప్ స్పందించకపోతే దాన్ని ఏఎన్ఆర్ అంటారు. రోజువారీ వినియోగదారుల్లో 1.09 శాతానికి మించి క్రాష్‌లు, 0.47 శాతానికి మించి ఏఎన్ఆర్‌లు ఎదురైతే ప్లే స్టోర్‌లో ఆ యాప్ కనిపించే అవకాశం తగ్గవచ్చని గూగుల్ చెబుతోంది. ఆ హద్దులు ఏ ఫ్రేమ్‌వర్క్‌కైనా ఒకటే.

ఐదో అంచె: తెలుగు అక్షరాలతో పరీక్షించండి

ఇంగ్లిష్‌లో చక్కగా కనిపించిన తెర తెలుగులో చెదిరిపోవడం తరచూ జరిగేదే, ఇంగ్లిష్‌లో రాసిన మార్గదర్శులు ఈ విషయం చెప్పవు. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. వరుస ఎత్తు ఇంగ్లిష్‌కు సరిపడా పెట్టి వదిలేస్తే వత్తుల అడుగుభాగం తెగిపోతుంది. బటన్ మీద రెండు ఇంగ్లిష్ పదాలు పట్టినచోట తెలుగు పదం రెండో వరుసలోకి జారుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల పరిమాణం పెంచి అదే తెరను మళ్లీ చూడండి, పెద్దవాళ్లు చాలామంది అలా పెంచుకునే వాడతారు.

అక్షరాలను లెక్కపెట్టే కోడ్‌ను విడిగా పరీక్షించాలి. "స్త్రీ" అన్నది మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు. జావాస్క్రిప్ట్, కాట్లిన్, డార్ట్ మూడింటిలోనూ మామూలుగా పొడవు అడిగితే 6 అనే చెబుతాయి. పేరు పొడవైతే మొదటి పన్నెండు మాత్రమే చూపు అని రాసిన కోడ్ సరిగ్గా పొల్లు దగ్గర తెంచిందంటే రైతు పేరు చీటీ మీద తప్పుగా పడుతుంది. డార్ట్‌లో క్యారక్టర్స్ ప్యాకేజీ, జావాస్క్రిప్ట్‌లో ఇంటల్ సెగ్మెంటర్, ఆండ్రాయిడ్‌లో బ్రేక్ ఇటరేటర్ దీనికోసమే ఉన్నాయి. వాటి నియమాలు కూడా వెర్షన్‌ను బట్టి మారుతూ వచ్చాయి గనుక వత్తులున్న పేర్లతో మీరే పరీక్షించుకోవాలి. కీబోర్డు సంగతీ అంతే. ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో తెర మీది కీబోర్డుతో టైప్ చేస్తున్నప్పుడు ఏ మీట నొక్కినా తరచూ 229 అనే ఒకే సంకేతం వస్తుంది. మీటల సంకేతాల మీద ఆధారపడి రాసిన తనిఖీలు అక్కడ పనిచేయవు.

2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి తెలుగువారిలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞా"కు సంబంధించిన ఒక సంకేతాల వరుస కనిపిస్తే చాలు, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో మెసేజీ యాప్‌లు కుప్పకూలిపోయాయి. లోపం యాప్‌లది కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లో అక్షరాలను కూర్చే భాగానిది. యాపిల్ అదే నెలలో 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. సిస్టమ్ ఇంజిన్ మీద ఆధారపడిన యాప్‌లకు దాని లోపాలూ దిద్దుబాట్లూ రెండూ వాటంతటవే వస్తాయి. ఫ్లట్టర్ లాగా అక్షరాల కూర్పును తనతో తెచ్చుకునే పద్ధతిలో సిస్టమ్ లోపాలు అంతగా తగలకపోవచ్చు గాని, సొంత ఇంజిన్‌లో లోపం ఉంటే మీరు కొత్త వెర్షన్‌తో మళ్లీ బిల్డ్ చేసి స్టోర్‌కు పంపేదాకా అది ఫోన్లలోనే ఉంటుంది.

ఆరో అంచె: లెక్కలు, డేటా ఎక్కడ ఉంటాయో తేల్చుకోండి

దశాంశ సంఖ్యలతో డబ్బు లెక్కలు వేయకూడదు. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కాట్లిన్, డార్ట్‌లలోని డబుల్ రకం కూడా ఇదే చేస్తుంది. పాలను మిల్లీలీటర్లలో, డబ్బును పైసల్లో పూర్ణ సంఖ్యలుగా ఉంచుకోవాలి. లీటరు రూ. 38.75 చొప్పున 6.4 లీటర్లకు లెక్క వేయాలంటే 6400ను 3875తో హెచ్చించి 1000తో భాగిస్తే 24,800 పైసలు, అంటే రూ. 248 వస్తుంది. శేషం మిగిలినప్పుడు పైకి సవరించాలా, కిందికా అన్నది డెయిరీ నిర్ణయించి ఒకేచోట రాసిపెట్టాలి.

సిగ్నల్ లేనప్పుడు కూడా చీటీ ఇవ్వాలి కాబట్టి ఈ లెక్క ఫోన్‌లోనే జరగాలి, సర్వర్‌లో మళ్లీ సరిచూడాలి. అంటే ఒకే నియమం రెండు చోట్ల ఉంటుంది. రెండూ తేడా లేకుండా ఉండాలంటే లెక్క కోడ్‌ను కాట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్ వంటి పద్ధతిలో పంచుకోవచ్చు. అది వీలుకాకపోతే వంద నమూనా లెక్కలను, వాటి సరైన జవాబులను ఒక ఫైలులో పెట్టి, ప్రతి బిల్డ్‌కు ముందు రెండు చోట్లా ఆ ఫైలుతో పరీక్ష నడిపించండి. ఈ రెండో పద్ధతి ఏ భాషలో రాసినా పనికొస్తుంది, నిర్వాహకుడు కూడా ఆ ఫైలు చదివి తప్పు పట్టుకోగలడు.

వెబ్‌వ్యూ ఎంచుకున్నవారు లోకల్ స్టోరేజీలో (వెబ్‌వ్యూ తన దగ్గర ఉంచుకునే నిల్వ) ఖాతాలు దాచకూడదు. ఫోన్‌లో చోటు తగ్గినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని చెరిపేయవచ్చు. సాయంత్రం పూట రాసిన లెక్క సర్వర్‌కు చేరకముందే చెరిగిపోతే రైతుకు ఏమని జవాబు చెప్పగలం? ఆండ్రాయిడ్, ఐఓఎస్ రెండింటిలోనూ ఉన్న ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోనే దాచాలి, దానికి అన్ని పద్ధతుల్లోనూ ప్లగిన్లున్నాయి. ప్రతి నమోదుకు ఫోన్‌లోనే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టించాలి. అప్పుడే సిగ్నల్ మధ్యలో తెగి అదే నమోదు రెండోసారి వెళ్లినా సర్వర్ గుర్తుపట్టి ఒకసారే జమ చేసుకుంటుంది.

ఏడో అంచె: రాబోయే ఏళ్లలో ఎవరు చూసుకుంటారు?

2012లో ఫేస్‌బుక్ తన ఐఫోన్ యాప్‌లో హెచ్‌టీఎంఎల్ మీద ఆధారపడటం మానేసి నేటివ్‌కు మారింది. హెచ్‌టీఎంఎల్ 5ను అతిగా నమ్ముకోవడం సంస్థ చేసిన అతి పెద్ద పొరపాటని జుకర్‌బర్గ్ ఆ ఏడాది బహిరంగంగానే అన్నాడు. అదే సంస్థ 2015లో రియాక్ట్ నేటివ్‌ను లోకానికి అందించింది. ఎయిర్‌బీఎన్‌బీ దాన్ని వాడి, 2018లో వదిలేసి నేటివ్‌కు వెళుతున్నట్టు ప్రకటించింది. ఆ బృందం చెప్పిన కారణాల్లో సాంకేతికమైనవే కాక, ఆండ్రాయిడ్, ఐఓఎస్, రియాక్ట్ నేటివ్ అనే మూడు రకాల కోడ్‌ను ఒకేసారి చూసుకోవలసి రావడమూ ఉంది. ఒకే కోడ్ కోసం బయలుదేరి మూడు చేసుకునే ప్రమాదం చిన్న బృందాలకు ఇంకా ఎక్కువ. రెండు ప్లాట్‌ఫామ్‌లూ తెలిసిన మనిషి ఒక్కరైనా లేకుండా క్రాస్ ప్లాట్‌ఫామ్ యాప్‌ను ఎక్కువ కాలం నడపడం కష్టం.

పరికరాలూ శాశ్వతం కావు. అడోబీ 2020లో ఫోన్‌గ్యాప్‌ను ఆపేసింది. ఒకే కోడ్‌తో యాప్‌లు రాసే జామరిన్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2024 మే 1తో ముగిసింది. స్టోర్‌తో పని లేకుండా రియాక్ట్ నేటివ్ యాప్‌లకు అప్‌డేట్లు పంపడానికి ఎందరో వాడుకున్న యాప్ సెంటర్ 2025 మార్చి 31న మూతపడింది. నేటివ్‌లోనూ ఆబ్జెక్టివ్ సీ నుంచి స్విఫ్ట్‌కు, జావా నుంచి కాట్లిన్‌కు మారవలసి వచ్చింది గాని, అక్కడ పాత కోడ్ ఏళ్ల తరబడి పక్కనే నడుస్తూ వచ్చింది.

ప్లగిన్ల భారం ఎలా ఉంటుందో ఇటీవలి ఒక నియమం చూపిస్తుంది. ఆండ్రాయిడ్ 15ను, ఆపై వెర్షన్లను లక్ష్యంగా పెట్టుకునే యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలకు (ఫోన్ మెమరీని పంచే ముక్కలు) అనుకూలంగా ఉండాలని గూగుల్ 2025 నవంబరు 1 నుంచి నిబంధన పెట్టింది. పూర్తిగా కాట్లిన్‌లో, జావాలో ఉన్న యాప్‌కు దీనివల్ల పని లేదు. సీ, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలున్న యాప్‌లకు ఉంది. ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ రెండింటి ఇంజిన్లూ అలాంటివే కనుక ఫ్రేమ్‌వర్క్‌ను కొత్త వెర్షన్‌కు మార్చుకోవాలి. మీరు వాడిన ప్లగిన్ ఏదైనా పాత లైబ్రరీని పట్టుకుని ఉండి, దాన్ని రాసినవారు వదిలేసి ఉంటే మీ అప్‌డేట్ అక్కడే ఆగిపోతుంది. అందుకే ప్లగిన్ తీసుకునే ముందు చివరి విడుదల ఎప్పుడు జరిగిందో, జవాబు లేని ఫిర్యాదులు ఎన్ని ఉన్నాయో చూసి, అవసరమైతే ఆ కోడ్‌ను మీ బృందమే సరిదిద్దుకోగలదా అని ఆలోచించండి. లేదనిపిస్తే ఆ ప్లగిన్ లేని దారి వెతకండి.

ఎనిమిదో అంచె: నిర్ణయం

కేంద్రం యాప్‌కు నేను కాట్లిన్‌లో నేటివ్‌నే ఎంచుకుంటాను. ఫోన్లు డెయిరీవి, ఉన్నది ఒకే ప్లాట్‌ఫామ్, కష్టమంతా యంత్రంతోనూ ప్రింటర్‌తోనూ ఉంది. మధ్యలో ప్లగిన్ అనే పొర పెట్టుకోవడం వల్ల ఇక్కడ వచ్చే లాభం లేదు, పూట మధ్యలో అనుసంధానం తెగితే లోపం ఏ పొరలో ఉందో వెతకడం మాత్రం కష్టమవుతుంది.

రైతు యాప్‌కు నేటివ్ రెండుసార్లు రాయించడం దండగ. బృందంలో వెబ్ తెలిసినవారు ఉంటే కెపాసిటర్, రియాక్ట్ తెలిసినవారు ఉంటే రియాక్ట్ నేటివ్, కొత్తగా నేర్చుకునే వ్యవధి ఉంటే ఫ్లట్టర్. మూడింటిలో ఏదైనా ఆ పని చేసిపెడుతుంది. అసలు ముందుగా ప్రోగ్రెసివ్ వెబ్ యాప్‌తో మొదలుపెట్టి, రైతులు దేనికి ఎక్కువగా వాడుతున్నారో చూశాక యాప్‌గా మార్చినా తప్పులేదు.

ఒకే యాప్‌లో రెండు పద్ధతులనూ కలపవచ్చు. రేటు చార్టు, పశువైద్య శిబిరాల ప్రకటనలు, నిబంధనల వంటి తరచూ మారే పేజీలను నేటివ్ యాప్ లోపల వెబ్‌వ్యూలో చూపిస్తే, అవి మారిన ప్రతిసారీ స్టోర్‌కు కొత్త వెర్షన్ పంపే పని ఉండదు. డబ్బు కట్టే తెర, నమోదు తెర మాత్రం అలా చేయకండి. ఇప్పటికే నేటివ్‌లో ఉన్న యాప్‌కు ఫ్లట్టర్ లేదా రియాక్ట్ నేటివ్ తెరలు జోడించడమూ సాధ్యమే గాని, పైన చెప్పిన మూడు కోడ్‌ల బరువు అక్కడి నుంచే మొదలవుతుంది.

తొమ్మిదో అంచె: స్టోర్‌కు పంపడం

ప్లే కన్సోల్‌కు ఒకసారి 25 డాలర్లు, యాపిల్ డెవలపర్ కార్యక్రమానికి ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. ఐఫోన్ యాప్ బిల్డ్ చేయడానికి ఎక్స్‌కోడ్, దానికి మ్యాక్ కావాలి. సొంతంగా మ్యాక్ లేనివారు క్లౌడ్‌లో బిల్డ్ చేసిపెట్టే సేవలు వాడుకోవచ్చు. 2023 నవంబరు 13 తర్వాత ప్లేలో వ్యక్తిగత ఖాతా తెరిచినవారు యాప్‌ను అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (ఎంపిక చేసినవారితో మాత్రమే పరీక్ష) జరపాలి. ఈ వ్యవధిని ముందే ప్రణాళికలో చేర్చుకోకపోతే ప్రకటించిన తేదీ తప్పుతుంది. సంస్థ పేరుతో ఖాతా తెరిస్తే ఈ నియమం వర్తించదు, దానికి డీ-యూ-ఎన్-ఎస్ నంబరు (సంస్థలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి.

వెబ్‌వ్యూ ఎంచుకున్నవారు యాపిల్ నియమావళిలోని 4.2 చదవాలి. వెబ్‌సైట్‌ను యాప్ డబ్బాలో పెట్టి పంపినట్టుంటే ఆ నియమం కింద తిరస్కరిస్తారు. ఆఫ్‌లైన్‌లో ఖాతా చూడగలగడం, నోటిఫికేషన్లు, వేలిముద్రతో తెరవడం వంటివి ఉంటే యాప్‌గా నిలబడుతుంది. ప్లే స్టోర్ ఏటా లక్ష్య ఏపీఐ స్థాయిని (యాప్ ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కు తగినట్టు రాయాలో చెప్పే సంఖ్య) పెంచుతుంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లూ, అప్‌డేట్లూ ఆండ్రాయిడ్ 15 స్థాయిని లక్ష్యంగా పెట్టుకోవాలన్న నిబంధన వచ్చింది. ఏటా ఈ పనికి కొన్ని రోజుల కూలీ ఒప్పందంలోనే రాయించుకోండి.

యాప్ ఎవరు రాసినా, స్టోర్ ఖాతాలు డెయిరీ పేరుతో, డెయిరీ ఈమెయిల్‌తో తెరిపించి, రాసేవారికి అందులో అనుమతి మాత్రమే ఇవ్వండి. సోర్స్ కోడ్ ఉన్న గిట్ ఖాతా, నోటిఫికేషన్లు పంపే ఫైర్‌బేస్ ప్రాజెక్టు, యాపిల్ సర్టిఫికెట్లు, ఆండ్రాయిడ్ అప్‌లోడ్ కీ, దాని పాస్‌వర్డ్ కూడా మీ దగ్గరే ఉండాలి. అప్‌లోడ్ కీ పోతే ప్లే యాప్ సైనింగ్ ఉన్నందువల్ల గూగుల్‌ను అడిగి కొత్తది పెట్టించుకోవచ్చు, అయితే ఆ అభ్యర్థన ఖాతా యజమాని నుంచే వెళ్లాలి. చివరి వాయిదా చెల్లించేముందు, ఆ కోడ్ ఇదివరకు చూడని మరొక డెవలపర్‌తో దాన్ని కొత్త కంప్యూటర్‌లో దించి, బిల్డ్ చేయించి, ఫోన్‌లో నడిపించి చూడండి.